జేబురుమాలుకు దక్కని కాంట్రాక్టు

ఈ ఊళ్ళో ఏ పెద్దాసుపత్రిలో మీరు పడుకున్నా, మీ కింద పరిచిన దుప్పటి మా లాండ్రీలో ఉతికిందే. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. పల్లెటూరి బడిలో ఐదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. సిమెంటు తొట్లతో, మా ఆవిడ చేతి సాయంతో మొదలుపెట్టి ఆవిరి యంత్రాల దాకా వచ్చినవాణ్ణి. ఇస్త్రీ రోలరు పాడైతే కొత్తది కొనాల్సిందేనని కంపెనీవాళ్ళంటే, పాతదాన్నే విప్పి బిగించి ఇప్పటికీ నడిపిస్తున్నాను. లాండ్రీల సంఘానికి రెండుసార్లు అధ్యక్షుణ్ణయ్యాను. రెండోసారి నా మీద నిలబడే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఇన్ని చేసినా నాకు నిండా తృప్తినిచ్చినది మాత్రం ఒక మనిషికి కాంట్రాక్టు ఇవ్వకపోవడం. ఆ సంగతే రాస్తున్నాను.

మీసం వచ్చీరాని వయసులో నేను కూల్‌డ్రింకుల ఫ్యాక్టరీలో సీసాలు కడిగేవాణ్ణి. ఫ్యాక్టరీ ఉద్యోగిని కాను. మనుషుల్ని సరఫరా చేసే ఒక కాంట్రాక్టరు పంపితే వెళ్ళినవాణ్ణి. మా చెమట వాసన పడక ఆయన ఎప్పుడూ తెల్లటి జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని తిరిగేవాడు. అందుకని చాటున ఆయన్ని అందరం జేబురుమాలు అనే పిలిచేవాళ్ళం. ఒకరోజు వేడినీళ్ళలోంచి తీసిన సీసా నా చేతిలోనే పేలింది. గాజుముక్క ఎడమకంట్లో దిగింది. ఫ్యాక్టరీ ఆఫీసరు పరిగెత్తుకొచ్చి, “ఎవరి మనిషయ్యా వీడు?” అని అరిచాడు. జేబురుమాలు పక్కనే ఉన్నాడు. పొద్దున నన్ను లోపలికి తోలింది ఆయనే. నా మొహంలోకి చూసి, “నా మనిషి కాడండీ. గేటు తీసి ఉంటే ఎవడో దూరినట్టున్నాడు,” అన్నాడు.

చొక్కా కంటికి అదుముకుని గేటు బయట పడ్డాను. ఆ కంటికి మళ్ళీ చూపు రాలేదు. మిగిలిన కంటితోనే మీకు చెప్పిన పనులన్నీ చేశాను.

ఇప్పుడు లాండ్రీ మా అమ్మాయి చూసుకుంటోంది. కొత్తగా కట్టిన ఆసుపత్రి బట్టల పని తనే కష్టపడి తెచ్చింది. ఒకటో తారీకు నుంచి రెండు షిఫ్టులు నడవాలి. ఒక్కరోజు బట్టలు అందకపోయినా ఆ పని వేరే లాండ్రీకి పోతుంది, దాంతోపాటు అమ్మాయి పరువూ పోతుంది.

“ఇంతమందిని మనమే వెతికి పెట్టుకునే టైము లేదు నాన్నా. ఏజెన్సీ ద్వారా తీసుకుందాం,” అంది.

మూడు ఏజెన్సీలవాళ్ళను పిలిచింది. మొదట వచ్చినవాడు టై కట్టుకున్న కుర్రాడు. నమస్కారం పెట్టకముందే ల్యాప్‌టాప్ తెరిచాడు. రెండోది ఒక నడివయసు ఆవిడ. ఆఫీసు గదిలో మాట్లాడితే బాయిలరు దగ్గరికి వినపడింది. ఆవిడ అటు వెళ్ళగానే మా వాచ్‌మన్ మైకమ్మ అని పేరు పెట్టేశాడు. మూడోవాడు లోపలికి రాగానే గుర్తుపట్టాను. జుట్టుకు రంగేశాడు, నడుం వంగింది. చేతిలో మాత్రం అదే తెల్లటి జేబురుమాలు.

“మా మనుషులు మీ సొంత మనుషుల్లా చేస్తారు సార్,” అన్నాడు. నా కంటికేసి చూసి, “ఆపరేషనా సార్?” అని జాలిగా అడిగాడు.

“అవును,” అన్నాను.

ఆయన వెళ్ళాక అమ్మాయి, “ఈయన మనుషులకి లాండ్రీ పని వచ్చు నాన్నా. రేటూ నయమే. ఈయనకే ఇచ్చేద్దాం,” అంది.

“చస్తే ఇవ్వను.”

కన్ను సంగతి దానికి చిన్నప్పట్నుంచీ తెలుసు. ఆ మాట అన్న మనిషి ఈయనేనని ఇప్పుడు చెప్పాను. అది నెమ్మదిగా, “నీ కోపం నీది. కానీ ఒకటో తారీకు నాది. ఏదో ఒక కారణం చూపించు నాన్నా, పాతది కాదు, ఇప్పటిది,” అంది.

“సరే. ముగ్గురి దగ్గర్నుంచీ నలుగురేసి మనుషుల్ని తెప్పించు. పని చేయిస్తూ నేనొక పరీక్ష పెడతాను. నెగ్గినవాళ్ళకే కాంట్రాక్టు.”

“మాట మీద ఉంటావా?”

“నా మాటకి ఈ ఊళ్ళో తిరుగుందా?”

నా లెక్క నాకుంది. మనుషులు పనిలో ఉండగా ముగ్గురికీ విడివిడిగా ఫోన్ చేసి, “మీ మనిషి చెయ్యి రోలర్లో పడింది, వెంటనే రండి,” అని అబద్ధం చెప్పాను. జేబురుమాలు నోట ఆ పాత మాట మళ్ళీ వస్తే అమ్మాయికి వినిపించాలని స్పీకరు పెట్టాను.

టై కుర్రాడు, “ఒక మెయిల్ పెట్టండి సార్, మా టీమ్ చూస్తుంది,” అన్నాడు. మైకమ్మ, “చెయ్యి పైకెత్తి పట్టుకోమనండి, బయల్దేరా!” అని ఫోన్ పెట్టేసింది. జేబురుమాలు ఒక్క క్షణం ఆగాడు.

“వస్తున్నా సార్,” అన్నాడు.

వచ్చాడు కూడా. చెమటతో చొక్కా ఒంటికి అంటుకుపోయింది. “మావాడేడీ? ఎక్కడున్నాడు?” అంటూ రొప్పుతున్నాడు. ఇంతలో స్కూటరు మీద మైకమ్మా దిగింది. ఇదంతా ఉత్తుత్తి పరీక్షేనని అమ్మాయి చెప్పాల్సొచ్చింది.

“ఏవండీ, మనిషికి దెబ్బ తగిలిందని ఆటలాడతారా? పెద్దాయన కాబట్టి ఊరుకుంటున్నా. మీ పనీ వద్దు, మీరూ వద్దు,” అని మైకమ్మ తన మనుషుల్ని పిలుచుకుని వెళ్ళిపోయింది.

జేబురుమాలు మొహం తుడుచుకుని నవ్వాడు. “మంచి పరీక్షే సార్. మనం నెగ్గినట్టేగా?”

ఇక ఆగలేకపోయాను. కూల్‌డ్రింకుల ఫ్యాక్టరీ, సీసా, కన్ను, ఆయనన్న మాట, అన్నీ ఆయన మొహం మీదే అడిగాను. కాళ్ళమీద పడతాడనుకోలేదు గానీ కనీసం తల దించుకుంటాడనుకున్నాను. ఆయన నన్ను పరకాయించి చూశాడు.

“అప్పట్లో అలా ఎంతమందిని అన్నానో సార్. అందులో మీరెవరో గుర్తు రావట్లేదు. అప్పుడు అందరం అలాగే అనేవాళ్ళం. ఇప్పుడైతే ఫోన్లలో వీడియోలు తీసేస్తున్నారు, పరిగెత్తక తప్పుతుందా?”

నా బతుకంతా మోసిన మాట ఆయనకు రోజూ వాడి పారేసిన మాట.

“కాంట్రాక్టు నీకు లేదు, పో,” అన్నాను.

“నాన్నా! పరీక్ష పెట్టింది నువ్వే,” అంది అమ్మాయి.

“పెట్టాను. తీసేశాను.”

“మాట తప్పుతున్నావు.”

“తప్పుతున్నాను.”

“బాగుంది. మైకమ్మ రానంది. ఆయన్ని నువ్వు పొమ్మన్నావు. ఒకటో తారీకున దుప్పట్లు నువ్వు ఉతుకుతావా?” దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి చూసి కూడా నేను వెనక్కి తగ్గలేదు.

మర్నాడు పొద్దున్నే మైకమ్మ ఆఫీసుకు వెళ్ళాను. దర్జీ కొట్టు మేడమీద ఇరుకు గది. కూర్చోమనలేదు.

“మళ్ళీ ఎవరికి దెబ్బ తగిలింది?” అంది.

“నాకేనమ్మా, ఎప్పుడో,” అని జరిగిందంతా చెప్పాను. విని కుర్చీ జరిపింది.

“నా దగ్గర అంతమంది లేరు బాబాయిగారూ.”

“జేబురుమాలు దగ్గరున్నారు. దెబ్బ తగిలితే మీరు పరిగెత్తుకొస్తారని వాళ్ళకి చెప్పండి, వాళ్ళే వస్తారు.”

ఆవిడ నన్ను తేరిపార చూసింది. “మీకు కావలసింది మనుషులా, పగా?”

“రెండూనమ్మా. ఒకే చోట దొరుకుతుంటే ఒకటి వదులుకోవడమెందుకు?”

ఆవిడ నవ్విన నవ్వుకు కింద కుట్టుమిషన్లు ఆగిపోయాయి. నవ్వయ్యాక షరతు పెట్టింది. దెబ్బ తగిలితే ముందు ఆసుపత్రి, ఎవరి మనిషన్న మాట తర్వాత. అలాగే కాగితం మీద రాయించి సంతకం చేశాను.

ఒకటో తారీకున రెండు షిఫ్టులూ నిండాయి. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది జేబురుమాలు మనుషులే. ఆయన వాళ్ళ కూలీలో కోసుకున్నది చూసుకుంటే, ఎవరూ పిలవకపోయినా వచ్చేవాళ్ళే. నేను అక్కడితో ఆగలేదు. సంఘంలో ఉన్న లాండ్రీలన్నిటికీ వెళ్ళి నా కన్ను చూపించి సంగతి చెప్పాను. నా మాట తీసేసేవాళ్ళు లేరు. ఏడాది తిరక్కుండానే ఆయన ఏజెన్సీ బోర్డు దిగిపోయింది.

బోర్డు దిగే ముందు ఆయన నాకు ఫోన్ చేశాడు. “ఇన్నేళ్ళ వ్యాపారం సార్. ఒక్క మాట చెప్పి కాపాడండి,” అన్నాడు. చివరిదాకా విని ఫోన్ పెట్టేశాను. మా ఆవిడ పక్కనే ఉంది.

“ముసలాయన. ఇక వదిలేయండి.”

“వదలకుండా పట్టుకోవడానికి ఆయన దగ్గర ఇంకేం మిగిలిందే?” అన్నాను.

ఆసుపత్రి పని బాగా సాగుతోంది. అమ్మాయికి పేరొచ్చింది. అయినా ఏజెన్సీ మాటలు జరిగేటప్పుడు నన్ను గదిలోకి రానివ్వదు. “నువ్వు బయటే ఉండు నాన్నా,” అని తలుపు వేసుకుంటుంది. నేను వరండాలో పేపరు చదువుకుంటాను. లోపల దాని గొంతు వినపడుతూ ఉంటుంది. ఎవరిని తీసుకుంటుందో నేను అడగను. ఆ గదిలో నేను చేయవలసిన పని ఒక్కటే ఉండేది. అది చేసేశాను.