రన్‌వే మీద సాయమ్మ వడ్లు

సంగారెడ్డి దాటాక ఉన్న ఆ చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లో సోమవారం ఉదయం ఆరున్నరకు రిపోర్ట్ చేశాను. రన్‌వే ఏడు వందల మీటర్లు, నడుమ కొంచెం మెరక. షెడ్డు ఒకటి. విమానం ఒకటి: రెండు సీట్లది, గుడ్డ రెక్కలది, నాకంటే వయసులో పెద్దది. జవాన్లకు మూడు నెలల సాహస శిక్షణ. మీరంతా నన్ను బార్డర్ కథలే అడుగుతారు. నాకు గుర్తొచ్చేది మాత్రం ఇదే.

ఎగరడం నేర్చుకోవడమంత సంతోషం ఇంకోటి లేదండీ. మెకానిక్ హవల్దార్ ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పుతాడు. ఇంజను దగ్గి అంటుకుంటుంది. తోక లేస్తుంది. చక్రాల చప్పుడు ఆగిపోతుంది. అంతే! ఒక పక్క పంట చేలు, ఇంకో పక్క పటాన్‌చెరు పొగగొట్టాలు. వెనక సీట్లో ఇన్‌స్ట్రక్టర్ సార్ ఉన్నారని మరిచిపోయి పాడేవాణ్ణి. "నీ పాటకంటే ఇంజనే నయం," అనేవారు.

ఏడో వారం ఒక ఉదయం. ఏడు గంటలు. దట్టంగా మంచు. పక్క ఊరి సాయమ్మ వడ్ల ట్రాక్టర్‌తో గేటు దగ్గరికి వచ్చింది. ఒంటరి మనిషి, ఎకరం వరి. తేమ ఎక్కువుందని కొనుగోలు కేంద్రం వాళ్లు రెండుసార్లు తిప్పి పంపారు. విమానం ఎగరని రోజు రన్‌వే మీద వడ్లు ఎండబోసుకోవడం అక్కడి రివాజు.

"ఇయ్యాల మీది లేస్తదా బిడ్డా? ఈ ఒక్క ఎండ తాకితే సాలు. రేపటితోని కాంటా బంద్, మల్ల కొనరు."

నేనూ ఈ జిల్లావాణ్ణే. "మంచు సూస్తలేవా అత్తా? లేవదు. పోసుకో పో," అన్నాను.

తొమ్మిదిన్నరకు మంచు విడిపోయింది. "ఈరోజు ఒక్కడివే వెళ్ళు. ఇరవై నిమిషాలు తిరిగి రా," అన్నారు సార్. ఒక్కడినే! ఒళ్లు తెలియలేదు. సాయమ్మకు ఇచ్చిన మాట పూర్తిగా మరిచిపోయాను. ఎవరికీ చెప్పలేదు.

మెరక చేరకముందే గాల్లోకి లేచాను; విమానం ముక్కు అడ్డమొచ్చి అవతల ఏముందో కనపడలేదు. కంది ఊరి దాకా వెళ్లి తిరిగొచ్చాను. మెరక అవతల నాలుగు వందల మీటర్లు పసుపురంగు. ఇవతల మిగిలింది మూడు వందలు. ఆగడానికి నాకు ఐదు వందలు కావాలి.

"సార్, రన్‌వే మీద వడ్లున్నాయి. మనిషి కూడా ఉంది," అన్నాను రేడియోలో.

"షెడ్డు నుంచి కనపడలేదు. హవల్దార్‌ను పంపుతున్నా. పెట్రోల్ ఎంతుంది?"

ట్యాంకు మూతలోంచి పైకి నిలబడే సన్నని తీగే కొలత. అది దాదాపు మూత లోపలికి దిగిపోయింది. "పది నిమిషాలు."

కాళ్లతో వడ్లు తిరగేస్తున్న సాయమ్మ తల ఎత్తి నాకు చెయ్యి ఊపింది. జరుగు అత్తా, జరుగు అని అరిచాను. ఎవరికి వినపడాలి? హవల్దార్ చేరాక ఆమెకు అర్థమైంది. రెండు చేతులతో వడ్లు పక్కకు గుంజసాగింది. యాభై బస్తాలు! పైనుంచి అంతా కనిపిస్తోంది. ఏమీ చేయలేను. ఏడుపొచ్చింది.

"పక్క చేనులో దిగనా సార్?"

"అన్నీ రాళ్లే, బోల్తా పడతావు. మనిషిని తప్పిస్తాం. దిగు. ఇది ఆర్డర్."

హవల్దార్ ఆమెను జబ్బ పట్టి లాక్కుపోయాడు. నేను దిగాను. చక్రాలు వడ్లను చీల్చుకుంటూ పోయాయి. ప్రొపెల్లర్ గాలికి గింజలు లేచి మట్టిలో, ముళ్లకంపలో పడ్డాయి.

"ఎగరదంటివి గద బిడ్డా," అంది సాయమ్మ. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

సాయంత్రం దాకా అందరం ఊడ్చి ఎత్తాం. మట్టి కలిసిందని మర్నాడు కాంటా మీద పెట్టనివ్వలేదు.

మూడు నెలల శిక్షణ ముగించుకుని కిష్టారెడ్డిపేట ఇంటికి వచ్చాను. లాగ్‌బుక్‌లో ఒక్క వరుస: మొదటి సోలో, క్షేమం. నా కళ్లముందు నుంచి పోనిది వేరే ఉంది. ఇంజను ఆగాక సాయమ్మ విమానం కిందికి దూరి, చక్రంలో ఇరుక్కున్న గింజలను వేలితో ఒక్కొక్కటే తీసి కొంగులో వేసుకుంటోంది. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను.