వెనక ఎవరైనా ఉన్నారా

ఎనిడ్ బొగ్గు పడవలోనే పుట్టింది. తండ్రి బొగ్గు మోసిన కాలవ మీదే ఆమె, ఆమె భర్త క్లెమ్ ముసలితనం దాకా పడవ పడవకూ బస్తాలు అమ్ముకుని బతికారు. చలికాలంలో ఏ పడవ గొట్టంలోనైనా పొగ కనబడకపోతే ఆ గట్టు మీద ఓ బస్తా దించి, పలకరించకుండా సాగిపోయేవాళ్ళు. పుచ్చుకునేవాళ్ళు సిగ్గుపడకూడదని. అందుకే ఆ నవంబరు రోజున ఎనిడ్ చేసిన పని చెబితే మా చర్చిలో కొందరు ఇప్పటికీ నమ్మరు. బస్తాలు దించడానికి సాయం వెళ్ళి, నేను పక్కనే ఉన్నాను.

మర్నాటి నుంచి లాకులు మూత. పాత తలుపులు తీసి కొత్తవి బిగించేదాకా, అంటే వసంతం వచ్చేదాకా, ఒక్క పడవనూ కిందికి దించరు. చివరి పడవ ఆ మధ్యాహ్నం మూడింటికల్లా, మెట్లలా వరసగా దిగే ఆ లాకుల్లో పై లాకు చేరాలి. పైనున్నవాళ్ళకి బొగ్గు పంచేసి మేమూ ఇంటిదారి పట్టాం. చుక్కాని దగ్గర ఎనిడ్, టీ దగ్గర నేను.

మంచి ఎండలో బయల్దేరాం. రెండో వంతెన దాటామో లేదో వడగళ్ళు. అవి కరగకముందే మళ్ళీ ఎండ. గట్టున కట్టేసిన పడవలోంచి ఒకావిడ చెయ్యి చాపి వేడి రొట్టె అందించింది. అది తుంచుతూ వెనక్కి చూస్తే, నీలం రంగు పొడుగాటి పడవ ఒకటి మమ్మల్ని తరుముకొస్తోంది.

"ఎనిడ్, వెనకాయన తొందరలో ఉన్నట్టున్నాడు. పక్కకి తీసి పోనిద్దామా?"

ఇరుకు కాలవ. ముందున్నవాళ్ళు గట్టుకి ఒత్తుకుని దారిస్తే తప్ప వెనకవాళ్ళు దాటలేరు. అలా ఇవ్వడమే మర్యాద.

ఎనిడ్ తల తిప్పలేదు. "ఆ ఇంజను చప్పుడు నాకు తెలుసు పిల్లా. పోనివ్వను."

అప్పుడర్థమైంది నాకు. మొన్న జూన్‌లో ఆ నీలం పడవే కట్టేసి ఉన్న ఎనిడ్ పడవ పక్కనించి ఒక ఊపున పోయింది. ఆ అలకి, పడవ తాళ్ళు కట్టడానికి గట్టున దిగ్గొట్టిన గూటాలు రెండూ ఊడొచ్చాయి. బస్తా భుజాన వేసుకుని గట్టు మీదికి కాలు పెడుతున్న క్లెమ్, పడవకీ గట్టుకీ మధ్య పడ్డాడు. పడబోయే ముందు "నెమ్మదీ!" అని అరిచాడు. నీలం పడవాయన, పలకరిస్తున్నాడనుకున్నాడు కాబోలు, వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. తుంటి విరిగి ఆసుపత్రికి వెళ్ళిన క్లెమ్ మళ్ళీ పడవెక్కలేదు.

కట్టేసిన పడవ కనబడితే ఇంజను తగ్గించి పోవాలి. నీలం పడవ వెనకుండగా ఎనిడ్ ప్రతి పడవ దగ్గరా బాతు కన్నా నెమ్మదిగా నడిపింది. కిటికీల్లోంచి జనం "చల్లగా ఉండు తల్లీ, టీ కప్పు కూడా కదల్లేదు!" అంటుంటే ఆమె తల వంచి అందుకుంది. వెనక హారన్ మోగింది. ఆగి మళ్ళీ మోగింది.

"ఏమ్మోయ్! నిద్రపోతున్నారా? మూడింటికి లాకు మూసేస్తారు!" అని ఆయన కేక.

ఎనిడ్ చిరునవ్వుతో చెయ్యి ఊపింది. అచ్చం ఆయనలాగే, వెనక్కి తిరక్కుండా. నేను రొట్టె పక్కన పెట్టేశాను.

పెద్ద మలుపు దగ్గర గాలి విసిరికొట్టింది. మాది బరువైన పాత ఇనప పడవ, తట్టుకుంది. అంత నెమ్మది నడకలో ఆయన పొడుగు పడవకి చుక్కాని పట్టు చిక్కలేదు. ముక్కు తిరిగి అవతలి గట్టు బురదలో దిగబడింది. ఇలాంటప్పుడు తాడు విసిరి లాగడం మాలో రివాజు. నేను తాడందుకున్నాను.

"కింద పెట్టు" అంది ఎనిడ్. ఇంజను పెంచింది.

పై లాకు దగ్గర విల్ఫ్ వానలో తడుస్తూ నిలబడి ఉన్నాడు. ఆ లాకులు చూసేది అతనే. మా పడవ లోపలికి రాగానే ఎప్పుడూ అడిగేదే అడిగాడు.

"అక్కా, మీ వెనక ఎవరైనా ఉన్నారా?"

ఉన్నారంటే వాళ్ళొచ్చేదాకా ఆగుతాడు. ఆ ప్రశ్నకి మా కాలవ మీద అబద్ధం చెప్పినవాళ్ళు లేరు.

"ఎవరూ లేరు" అంది ఎనిడ్.

విల్ఫ్ మా వెనక తలుపులు మూసి తాళం వేశాడు. కాసేపటికి గట్టు మీద పరుగెత్తుకుంటూ ఆయనొచ్చాడు. మోకాళ్ళ దాకా బురద.

"తియ్యండి! మా ఆవిడ పడవ తోస్తోంది, ఇప్పుడే వచ్చేస్తాం! ఏమ్మా, నేను మీ వెనకున్నానని తెలీదా? పొద్దుట్నుంచీ హారన్ కొడుతూనే ఉన్నానే!"

"తెలుసు."

విల్ఫ్ ఆమె మొహంలోకి చూశాడు.

"మరి నేనేం చేశానమ్మా మీకు?"

"జూన్‌లో నా పడవ గూటాలు పీక్కుపోయావు. నెమ్మదీ అని మా ఆయన అరిస్తే చెయ్యి ఊపావు."

ఆయన గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. నిజంగానే చూశాడు, పాపం. "ఎన్నో పడవలు దాటుతుంటామమ్మా... ఆయనకేమైనా దెబ్బ తగిలిందా?"

"చచ్చిపోయాడు."

ఆయన కోపమంతా దిగిపోయింది. టోపీ తియ్యబోయినట్టు బోడితల తడుముకున్నాడు. "అయ్యో. నాకు తెలీదు. నన్ను క్షమించండమ్మా. కానీ మా ఆవిడకి చలి పడదు, పైన బొగ్గు కూడా దొరకదు..."

ఆ 'కానీ' దగ్గర ఎనిడ్ మొహం మూసుకుపోయింది.

"అక్కా," అన్నాడు విల్ఫ్ మెల్లగా, "తాళంచెవి ఇంకా నా చేతిలోనే ఉంది. నువ్వొక్క మాట అను, తీసేస్తాను."

"ఇందాకే చెప్పాను కదా విల్ఫ్. నా వెనక ఎవరూ లేరు."

విల్ఫ్ గడియారం చూసుకున్నాడు. "మూడు దాటింది బాబూ" అని ఆయనతో అని, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. మామూలుగా అయితే ఎనిడ్ పెద్దదయిందని చివరి లాకు దాకా తనే తలుపులు తోస్తూ మాతో దిగేవాడు. ఆ రోజు మా వైపు చూడకుండా తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

వానలో మేమిద్దరమే మిగిలాం. రెండో లాకు తలుపు దూలానికి వీపులానించి తోస్తే అది కదల్లేదు. చెప్పొద్దూ, నా పెదాలు ఆడుతున్నాయి. ఎనిడ్ చూసింది.

"ఎవరికోసమే ప్రార్థన?"

"క్లెమ్ కోసం. పైనున్న ఆవిడ కోసం కూడా."

"ఆయన కోసం కూడా చేసుకో, నేనేం అననులే. నా కోసం మాత్రం వద్దు, నేను చేసిందానికి నాకేం విచారం లేదు" అంది. కాలు బురదలో జారితే సర్దుకుని, మళ్ళీ వీపు ఆనించింది. "ముందు తొయ్యి."