కొట్లాటకు రెండు సీట్ల పడవ

మా జ్ఞానప్రకాశం సారుకు ఒకే ఒక్క జబ్బు. అందరూ దేవుణ్ణి తలచుకునే సమయంలో ఆయన పక్కవాడి తప్పులు తలచుకుంటాడు. మామూలు రోజుల్లో చీమకు కూడా దారిచ్చే మనిషి. ప్రాణం మీదికి వచ్చిందంటే మాత్రం కొట్లాటకు దిగుతాడు.

జమ్మలమడుగులో మా బడికి ఆయన డ్రిల్లు మాస్టరు, నేను గుమాస్తాను. ఆయన రిటైరయ్యాడు, నేనింకా ఫైళ్ళ మధ్యే ఉన్నాను. ఒకసారి ఇద్దరం ప్రైవేటు బస్సులో ముద్దనూరు ఘాటు దిగుతుంటే బ్రేకులు పడలేదు. బస్సంతా ఒకటే కేకలు. మా సారు పక్క సీటాయన వైపు తిరిగాడు.

"ఏమప్పా, ఎక్కినకాడి నుంచి నిద్రపోతా నీ తలకాయ నూనెంతా నా చొక్కాకు పూస్తాండావు. ఇది చొక్కానా, నీ దిండుగలీబా?"

ఆ పెద్దమనిషి ఏడుపు ఆపి సారు కాలరు పట్టుకున్నాడు. డ్రైవరు బస్సును మట్టికుప్పకు ఆనించి ఆపాడు. ప్రయాణికులంతా దిగి దండాలు పెట్టుకుంటున్నా వీళ్ళిద్దరూ లోపలే ఉన్నారు, ఇంకా నూనె సంగతి తేలలేదు.

మా ఆవిడ రుక్మిణికి ప్రొద్దుటూరులో రాళ్ళు తీసే ఆపరేషన్ జరిగిన రోజు అంతకంటే ఘోరం. స్ట్రెచర్ మీద పాలిపోయి పడుకుని ఉంటే ఈయన వంగి, "ఏమ్మా రుక్మిణమ్మా, మొన్న నువ్వు పంపిన ఉగ్గానిలో వేసింది బొరుగులా, గులకరాళ్ళా? నా పన్ను కదిలింది. మిగిలిన రాళ్ళన్నీ నీ కడుపులోనే ఉన్నట్టుండాయే!" అన్నాడు. ఏడుస్తూ లోపలికి పోవలసిన మనిషి తిట్టుకుంటూ పోయింది. నేను సిగ్గుతో గోడకు అతుక్కుపోయాను.

అలాంటి మనిషి ఫోన్‌లో ఒక వీడియో చూశాడు. రాళ్ళ మధ్య తెల్లగా నురగలు కక్కే ఏరు, రెండు కొనలూ సూదిగా ఉన్న చిన్న పడవ, ముందొకరు వెనకొకరు కూర్చుని తెడ్లు వేస్తున్నారు.

"సామీ, మన పెన్నకు ఇట్లాంటిది కావాలబ్బా."

గండికోట దగ్గర ఒక్కరు నడిపే పడవ ఒకటి అమ్మకానికుందని నేనే కనుక్కుని చెప్పాను. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "ఒక్కణ్ణే పోతే ఎవరితో కొట్లాడాల?"

వెతగ్గా వెతగ్గా పులివెందులలో, ఒక షామియానా అంగడిలో దొరికింది. ఎవరో పడవల వ్యాపారం పెట్టి, మానుకుని, వదిలించుకున్నారట. పెళ్ళిళ్ళలో ఐసు నింపి మజ్జిగ ప్యాకెట్లు పెట్టే తొట్టిగా కాలం గడుపుతోంది. అంగడి యజమాని వివేక్ నోరు తెరిచాడు. "ఇది పడవా సారూ? మజ్జిగ తొట్టి శానా పొడుగ్గా చేసినారే అనుకుంటాంటి!" రెండు తెడ్లలో ఒకదానితో పులిహోర కలుపుతున్నారు. ఎంత తోమినా పసుపు పోలేదు. ఆ తెడ్డు నాకొచ్చింది.

ఆదివారాలు సారు చర్చి నుంచి వచ్చాక మైలవరం కాలువలో నేర్చుకున్నాం. ముందు నేను లాగాలి, వెనక ఆయన తిప్పాలి. కాలువ నెమ్మదస్తురాలు, కాబట్టి సారు కూడా నెమ్మదిగానే ఉండేవాడు.

ఆ కార్తీకంలో పైన వానలు కురిసి డ్యాము నుంచి ఏటికి నీళ్ళు వదులుతారని చాటింపు వేశారు. మేకల దిల్షాద్‌బీ మందను గట్టెక్కించింది, తప్పిపోయిన ఒక్క మేకపిల్ల కోసం మళ్ళీ దిగింది. ఆమె కూతురు రేష్మా పరుగెత్తుకుంటూ సారు ఇంటికొచ్చింది.

"సారూ, అమ్మ ఏటి నడుమ బండ మీద చిక్కుకునింది! ఫైరింజనోళ్ళు ప్రొద్దుటూరి నుంచి వస్తాండారంట. నీళ్ళేమో ఆగల్యా!"

నేనూ అక్కడే ఉన్నాను. ఇద్దరం పడవ మోసుకుని పోయేసరికి దిల్షాద్‌బీ మోకాళ్ళ వరకు నీళ్ళున్నాయి. మాకు రక్షణ అంటే రెండు స్కూటర్ హెల్మెట్లు, నడుముకు లారీ ట్యూబులు.

"సారూ, నాకు ఈత అంతంత మాత్రమే..."

నేనంటుండగానే ఆయన పడవ నెట్టాడు.

కొంచెం దూరం పోగానే నురగ ముఖాన కొట్టింది. పడవ ముక్కు పైకి లేచి దబ్బున పడింది. నా వేళ్ళు బిగుసుకుపోయాయి. తెడ్డు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. అప్పుడు వెనక నుంచి వినబడింది.

"సామీ, నా రిటైర్మెంటు ఫొటోలో నా మొగానికి అడ్డంగా నీ తలకాయ పెట్టింది కావాలనే కదా?"

"ఏందీ?"

"ఆ ఫొటోలో నాదంటూ ఉండేది ఒక్క చెవి. మా ఇంటామె ఎలిజబెత్ ఆ చెవికే ఫ్రేము కట్టించి గోడకు తగిలించింది!"

"అది నా తల కాదు, నీ మెడలో దండ!" కోపంతో తెడ్డు ఒక పోటు వేశాను.

"దండకు బట్టతల ఉంటాదా?"

"ఎవరిదయ్యా బట్టతల?" ఇంకో పోటు.

"ఎడమపక్క గట్టిగా వేస్తా చెప్పు, వినపడల్యా!"

చెప్పాను. మా హెడ్మాస్టరును కూడా ఎప్పుడూ అనని మాటలు, పోటుకొకటి చొప్పున చెప్పాను. కళ్ళెత్తి చూస్తే పడవ బండ వెనక, వేగం తగ్గిన నీళ్ళలో ఉంది.

దిల్షాద్‌బీ ఒక చేత్తో బండను, ఒక చేత్తో మేకపిల్లను కరుచుకుని కళ్ళు మూసుకుంది. పిలిస్తే పలకదు. చెయ్యి చాచితే అందుకోదు. నీళ్ళు ఆమె నడుము దాకా వచ్చాయి.

సారు గొంతు సవరించుకున్నాడు. "దిల్షాద్‌బీ! ఏట్లోకి ఇన్ని నీళ్ళు యాడివా అనుకుంటి. నువ్వు పాలల్లో పోయంగా మిగిలినవేనా?"

ఒక కన్ను తెరుచుకుంది.

"ఎవడ్రా అనింది? నా పాలల్లో నీళ్ళా? మా అమ్మ కాలం నుంచి పోస్తాండాం, ఒక్కరు నోరెత్తల్యా! నీ నోట్లో మన్ను పడ!"

"ఊరంతా అనుకుంటాండారు. సామి కూడా అన్యాడు."

"నేనా?" అనేలోగా మేకపిల్ల వచ్చి నా ఒళ్ళో పడింది, ఆమెకు రెండు చేతులూ కావాలి మరి. వెనకే దిల్షాద్‌బీ పడవలోకి వచ్చి పడింది. సారు హెల్మెట్ ఠంగుమంది.

"కొట్టేది గట్టున కొట్టు తల్లీ, ఈడ కొడితే మునుగుతాం. కూచొని తిట్టు!"

ఆమె కూర్చుని తిట్టింది. ఇద్దరి పడవలో ముగ్గురం, ఒక మేక. నీళ్ళు లోపలికి దూకుతున్నాయి. ఈసారి బాగా తగలాలని ఆయన హెల్మెట్ పీకిన మనిషి, కాళ్ళ దగ్గర నీళ్ళు చూసి దాంతోనే తోడడం మొదలుపెట్టింది. ఒక తిట్టు, ఒక హెల్మెట్ నీళ్ళు. అలా గట్టుకు కొట్టుకొచ్చాం.

రేష్మా తల్లిని వాటేసుకుని ఏడ్చింది. తల్లికి ఏడవడానికి తీరిక లేదు. గట్టున చేరిన జనాన్ని సాక్ష్యం పిలుస్తూ, పాల పరువు గురించి చెప్పుకుంటూ ఇంటిదారి పట్టింది.

సారుకు తెడ్డు నుంచి వేళ్ళు ఊడి రావడం లేదు. ఒక్కొక్క వేలూ నేనే విడదీశాను. అప్పుడు నాకు బస్సు గుర్తొచ్చింది, స్ట్రెచర్ గుర్తొచ్చింది.

"సారూ, అంటే నువ్వు ఇన్నాళ్ళూ..."

"గమ్మునుండు సామీ. ఆయమ్మకు మాత్రం చెప్పొద్దు. చెప్తే ఈ రాత్రి కండ్లు మూస్తే నీళ్ళే కనపడతాయి. కోపముంటే నేను కనపడతా. నన్ను తిట్టుకుంటా హాయిగా పండుకుంటాది."

"మరి నా బట్టతల?"

"అది మాత్రం నిజమేలే."

తెల్లవారేసరికి దిల్షాద్‌బీ చెంబెడు పాలతో ఆయన గుమ్మంలో నిలబడింది. వీధి వీధంతా బయటికొచ్చింది. "తాగు! అందరి ముందర చెప్పు!" బాగా నిద్రపోయిన ముఖం, నిగనిగలాడుతోంది. సారుకు మేకపాల వాసనే పడదు. ముక్కు బిగించి చెంబు ఖాళీ చేశాడు. మీసానికి మీగడ అంటుకుంది.

ఒప్పుకుంటాడని అందరం చూస్తున్నాం. ఆయన ఏటివైపు చూశాడు. నీళ్ళింకా హోరెత్తుతూనే ఉన్నాయి.

"ఊఁ... రోంత పల్చగానే ఉండాయే," అన్నాడు.

"రేపు కూడా తెస్తా! నువ్వు ఒప్పుకునేదాకా తెస్తా!" అని ఆమె చెంబు లాక్కుని, ఏటివైపు తల తిప్పకుండా, రుసరుసలాడుతూ వెళ్ళిపోయింది.