తెర మీద రాహుకాలం

మొన్న మా అమ్మాయి నా ఫోను తీసుకుని, ఇంటిల్లిపాది పనులూ ఒకే క్యాలెండర్లో కనబడేట్టు రెండుసార్లు నొక్కి చేతికిచ్చింది. ఇంత సులువా అని నోరు వెళ్లబెట్టిన మరుక్షణమే ఒళ్లు మండింది; ఈ కాస్త పని తెలియకే ఒకప్పుడు కడపలో నా పరువు పోబోయింది. నా తెర మీద కనబడేదే లోకమంతా చూస్తుందని నమ్మిన తెలివి నాదేనని ముందే ఒప్పుకుంటున్నాను. అంతకుమించి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

మాది వేరుశనగ నూనె వ్యాపారం చేసే షావుకారు కొలువు. పెద్దాఫీసు కర్నూల్లో, నేనుండే శాఖ కడపలో. రెండువేల సంవత్సరం తర్వాత రెండు ఊళ్లకూ కంప్యూటర్లు పెట్టించి, ఈమెయిలు సాఫ్టువేరులోని క్యాలెండర్లో ఎవరి పని వేళలు వాళ్లు రాసి అందరికీ కనబడేట్టు పంచుకోవాలని హుకుం జారీ చేశారు. రాహుకాలంలో లారీ గేటు దాటకూడదు, బేరం కుదరకూడదు అన్నది షావుకారు ఎన్నాళ్లనుంచో పెట్టిన కట్టడి. అందుకని నేను, అతివినయం కొద్దీ, వారం పొడుగునా రాహుకాలాలన్నీ అందులో ఎక్కించాను. ఆ వేళల్లో బిల్లులు రాసుకుంటూ కుర్చీలోనే ఉండేవాణ్ణి.

కర్నూల్లో మేనేజరు షావుకారు బావమరిది. పట్నంలో చదువుకొచ్చి, రాహువునూ కేతువునూ పట్టించుకోని మనిషి. శాఖ బాధ్యత నాకిస్తారని నేను ఆశపడుతున్న రోజుల్లోనే ఆయన ఫోను చేశాడు.

"ఏమప్పా, మంగళవారం మూడింటికి యాడికి పోతాండావు? శుక్రవారం పదిన్నరకు యాడ ఉంటాండావు? దొరకకూడదని దినానికొక వేళ పెట్టుకున్నావే, శానా తెలివి."

తీరా చూస్తే ఆయనకు కనబడుతున్నవి నీలం గీతలూ, వాటి మీద 'బిజీ' అన్న ఒక్క మాటా మాత్రమేనట. సూర్యచంద్రుల్నే మింగే రాహువుకు ఈ గుమస్తా ఒక లెక్కా! కంప్యూటర్లు చూసే ఆయనకు ఫోను చేస్తే, మూసి మళ్లీ తెరవమన్నాడు. తెరిచాను, మూశాను, చివరికి మిషనునే ఆర్పి వెలిగించాను. మూడోనాడు క్యాలెండరు పేరు మీద మౌసు కుడి మీట నొక్కితే పర్మిషన్ల పేజీ వచ్చింది. ఎదుటివారికి వేళలు మాత్రమే చూపాలా, వివరాలు కూడానా అని అక్కడ అడుగుతోంది. పాపం, నన్ను అడిగిన మొదటి ప్రాణి అదే. వివరాలు కూడా అన్నాను.

అయినా ఆయన నమ్మలేదు. పట్టుబడ్డాక రాహుకాలమని రాసుకున్నానట. అంతకుముందే అచ్చు తీయించి పెట్టుకున్న ఉత్త గీతల కాగితంతో, నన్ను కర్నూలు పిలిపించి, షావుకారు ముందు నిలబెట్టాడు. షావుకారు కళ్లజోడు సర్దుకుని కాగితాన్ని ఒక్క చూపు చూసి, బావమరిది వైపు తిరిగారు.

"ఇది రాహుకాలం పట్టీ కదప్పా. మనింట్లో గోడకుండాది, నువ్వెప్పుడూ సూల్లేదా?"

శాఖ నాకొచ్చింది. మేనేజరు నోట క్షమించమన్న మాట మాత్రం రాలేదు. అప్పటికి నేనూ ఆ సాఫ్టువేరులో కాస్త ముదిరాను కనుక, వారం వారం మళ్లీ వచ్చేట్టు ప్రతి రాహుకాలానికీ మేనేజరును మీటింగుకు ఆహ్వానించాను. ఏది వచ్చినా చదవకుండా 'సరే' నొక్కడం ఆయన అలవాటు, అన్నింటికీ నొక్కాడు. ఆనాటి నుంచి రోజూ రాహుకాలానికి పావుగంట ముందు ఆయన మిషను గంట కొట్టేది. కంప్యూటరాయన్ను అడిగితే, మూసి మళ్లీ తెరవమన్నాడట.

ఇప్పుడు ఫోను రోజంతా దేనికో ఒకదానికి మోగుతూనే ఉంటుంది. ఎవరు పిలుస్తున్నారో, ఎందుకో ఎవరికీ పట్టదు. ఆ మేనేజరు రిటైరయ్యాక ఒకసారి మాటల్లో, ఆ గంట మోగక రాహుకాలం ఎప్పుడొస్తుందో తెలియడం లేదప్పా అని వాపోయాడు. నిన్న మా అమ్మాయి చేత మా క్యాలెండర్లో రాహుకాలాలెక్కించి, ఆయన్ను కూడా అందులో చేర్పించాను.