తేనెపిట్ట నుదుటి పసుపు

మా సైన్సు టీచరుగారు పోయారు. మొన్న గురువారం బడి నుంచి వచ్చి, నీరసంగా ఉందని పడుకున్నారు. మళ్ళీ లేవలేదు. అదే బడిలో చిన్న తరగతులకు చెప్పే నేను, షార్జాలో ఎనిమిదేళ్ళు ఆవిడతో ఒకే గదిలో ఉన్నాను. ఇప్పుడు పక్క మంచం వైపు చూడలేకపోతున్నాను.

ఆవిడకు చిన్నతనంలోనే భర్త పోయారు. అమలాపురంలో అత్తవారు తీయించిన బొట్టు మళ్ళీ పెట్టుకోలేదు. "ఇక్కడెవరు చూస్తారు అక్కయ్యగారూ, పెట్టుకోండి" అంటే, "అద్దం చూస్తుంది కదే" అనేవారు.

ఆవిడ దగ్గర చదువుకున్న మీకు బడి గోడ పక్కన అవిసె చెట్టు గుర్తుండే ఉంటుంది. ఊరి నుంచి గింజలు తెచ్చి నాటి, ఏసీ గొట్టం నుంచి కారే నీళ్ళు బకెట్లో పట్టి పోసి పెంచారు. పూలైతే వంకర ముక్కుల్లా గుత్తులుగా వేలాడేవి గానీ ఒక్క కాయ నిలిచేది కాదు. కూరకు నాలుగు కోస్తానన్నా నన్ను కోయనిచ్చేవారు కాదు.

"ఉండనీవే. దానికోసం ఎవరైనా వస్తారేమో."

హమ్మింగ్ బర్డ్ పాఠం ఆ చెట్టు కిందే చెప్పేవారు. "పువ్వు లోతైతే పిట్ట ముక్కు పొడవైంది. ముక్కు పొడవైతే పువ్వు ఇంకా లోతైంది. ఒకళ్ళనొకళ్ళు మార్చుకుంటూ వచ్చార్రా. అది అమెరికా సంగతి. మన వైపు ఆ పని తేనెపిట్ట చేస్తుంది" అని, పైకి చూసేవారు. ఊరు మారిన పువ్వును ఇక్కడి పిట్ట గుర్తుపడుతుందా అని ఆవిడ బెంగ.

ఒక చలికాలం పొద్దున పిట్ట వచ్చింది. నల్లగా నిగనిగలాడుతూ పువ్వులో తల దూర్చి, బయటికి తీసింది. నుదుట పచ్చని పుప్పొడి. టీచరుగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"చూశావుటే, పువ్వు బొట్టు పెట్టి పంపింది."

మర్నాడు ఆవిడ బొట్టుతో బడికి వచ్చారు. ఆ ఏడు చెట్టుకు కాయలు నిలిచాయి. ఆ తర్వాత ఒక్కరోజు కూడా ఆవిడను బొట్టు లేకుండా నేను చూడలేదు.

ఆసుపత్రిలో, ఊరికి పంపే పెట్టెలోకి మార్చే ముందు మొహం కడిగాం. నేను కుంకుమ భరిణె తీస్తే, సాయం వచ్చిన పక్కింటావిడ నా చేతిలోంచి మెల్లగా తీసేసుకుంది.

"వద్దమ్మా. అక్కడ వాళ్ళ వాళ్ళు చూస్తే చచ్చాక కూడా మాట అంటారు."

చీర మీద పెడదామని తెచ్చిన అవిసె పూలు ఒళ్ళో ఉన్నాయి. ఒక పువ్వు రేకులు విప్పి ఆవిడ నుదుటికి ఆనించాను. పక్కింటావిడ చూసి, తల తిప్పుకుంది.

పెట్టె మూసేదాకా ఆ పచ్చని పొడి అక్కడే ఉంది.