మస్తాన్ ఇంటికి పాము రాలేదు

తినే అన్నం మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. హిందూపురంలో నన్నెరిగినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే నవ్వి కాగితం పక్కన పెట్టేస్తారు. పెట్టనీ. వాళ్ళ కోసం రాయడం లేదు. నా పేరు కూడా తెలియని మీ కోసం రాస్తున్నాను. ఏళ్ళ తరబడి ఒక ముసలామె మతిని నా జేబులో వేసుకుని తిరుగుతున్నాను. బరువంటే అదీ.

నాది పట్టు నూలు తిప్పే పని. హిందూపురంలో ఎత్తి, ధర్మవరంలో మగ్గాల వాళ్ళకు వేస్తాను. మధ్యలో పెనుకొండలో టీకొట్టు. అక్కడ నా గొంతు వినపడితే చాలు, ఎవడో ఒకడు బెంచీ మీద జరిగి చోటిచ్చి, “ఏమప్పా, ఆ మగ్గం గుంతలో పాము కత ఒకతూరి చెప్పు” అంటాడు. చెబుతాను. మొదట్లో ఆ పాము బారెడే. పెనుకొండ చేరేసరికి దానికి పడగొచ్చింది. హిందూపురంలో ఒకరోజు మీసాలు కూడా మొలిపించాను. కడుపులు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వుల మీద నాకెంత కోపమో చెప్పలేను. ఒక్కడైనా నన్ను పట్టుకుని నిలదీయలేదే! నిలదీసి ఉంటే? ఏముంది, దానికీ ఒక కత కట్టేవాణ్ణి.

మస్తాన్ ధర్మవరంలో చీరలు నేస్తాడు. నా స్నేహితుడు. మగ్గం పక్కనే జాలీ గూట్లో చిలుకలు పెంచేవాడు. పిడికెడంత ఉండే రకం, లవ్ బర్డ్స్ అంటారు. ఆ పేరు పెట్టినవాణ్ణి తన్నాలి. ప్రేమా? గుడ్లు పెట్టే కాలమొస్తే, గూట్లో వేలాడదీసిన కుండ కోసం ఒక ఆడపిట్ట ఇంకో ఆడపిట్టను పొడిచి చంపుతుంది. కుండలో పిల్లలుంటే వాటినీ వదలదు. ఇది నాకు తెలియక కాదు. మస్తానే చెప్పాడు.

వాడి దగ్గర ఎర్ర కళ్ళ పసుపు మగపిట్ట ఉండేది. దాని జత కుండలో పిల్లలను సాకుతోంది. నా దగ్గర తోడు చచ్చిపోయిన ఆకుపచ్చ ఆడపిట్ట ఉండేది. ఆ మగదానితో కలిస్తే, పుట్టేవాటిలో ఆడవన్నీ ఎర్ర కళ్ళతోనే పుడతాయి. కొన్నాళ్ళు నీ గూట్లో వదలనీరా అని అడిగాను. “పిల్లలు కుండ దిగేదాకా ఆ మాట ఎత్తొద్దు, రక్తాలైతాయి” అన్నాడు. నాకు మండింది. హిందూపురంలో అందరికంటే ముందు ఎర్ర కళ్ళ పిట్ట నా ఇంట్లో ఉండాలి. దాని గురించి కొట్టబోయే గొప్పలు అప్పటికే నోట్లో ఊరుతున్నాయి. అంతే కారణం. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే ఎంత బాగుండు!

మస్తాన్ పెళ్ళాం బిడ్డలతో కదిరికి, అత్తగారింటికి వెళ్ళాడు. ఇంట్లో వాళ్ళమ్మ మాబున్నమ్మ ఒక్కతే. పెద్దమ్మా అని పిలుస్తాను. నూలు దింపడానికి వెళ్ళాను. చేతిలో చెప్పుల అట్టపెట్టె, అందులో నా పిట్ట. ఆమె టీ కాచడానికి లోపలికి పోయింది. గూటి తలుపుకు కొక్కెం తగిలించి ఉంది. తీశాను. పిట్టను వదిలి, మళ్ళీ తగిలించాను. బత్తలపల్లిలో పని చూసుకుని, సాయంత్రం తీసుకుపోదామనుకున్నాను. లోపల అరుపులు ఆమె వినే ఉంటుంది. ఆ పిట్టలు ఎప్పుడూ అరిచేవే.

సాయంత్రానికి నా పిట్ట కుండలో కూర్చుని ఉంది. ముక్కంతా రక్తం. తల్లిపిట్ట అడుగున కొర్రల పొట్టులో పడి ఉంది. పిల్లలు, ఇంకా ఈకలు కూడా సరిగా రానివి... వద్దులెండి. నా పిట్టను నేను ఒక్క మాట అనను.

పెద్దమ్మ పెరట్లో ఉంది. చచ్చినవాటిని తువ్వాలులో చుట్టాను. నాదాన్ని పెట్టెలో వేసుకున్నాను. రెండూ బండిలో దాచి వచ్చి, గూటి తలుపు బార్లా తెరిచి, మిగిలిన మగపిట్ట తుర్రుమన్నాక, అప్పుడు అరిచాను. పాము, పెద్దమ్మా, పాము! మగ్గం గుంతలోకి జారిపోయింది! నేసేవాళ్ళు కాళ్ళు దించుకునే గుంత అది. అందులో పాముందంటే ధర్మవరంలో నమ్మనివాడుండడు.

మర్నాడు మస్తాన్ దిగాడు. నేనూ వెళ్ళాను. వెళ్ళకపోతే అనుమానమొస్తుందని.

“మా, గూడు మూయలేదా నువ్వు?”

“మూసినాన్రా. కొర్రలు పోసి, కొక్కెం తగిలిచ్చి, లాగి గూడా చూసినా.”

“మూసింటే పాము యాడనుంచి దూరింది? కొక్కెం అదే తీసుకున్యాదా?”

“నాకేం తెలుసురా! నేనైతే మూసినా.” ఆమె నా వైపు తిరిగింది. “నువ్వు నూలు దించేటప్పుడు చూసినావు గదప్పా. మూసే ఉండె గదా? చెప్పు వానికి.”

నన్ను! సాక్ష్యం నన్నడిగింది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేసి ఏమన్నానో తెలుసా?

“పోనీలే పెద్దమ్మా. వయసయిపాయ. మరుపు రాదా యేంది ఎవరికైనా?”

పిట్టలను చంపింది పిట్ట. ఇది మాత్రం నా నోటితో నేను చేసింది. అంత మెత్తగా ఎలా అనగలిగాను? కసిరి ఉంటే ఆమె ఎదురు తిరిగేది. జాలిపడితే ఎవరు మాత్రం ఎదురు తిరగగలరు?

ముందు కోడలు ఆమెను స్టవ్ దగ్గరికి రానివ్వడం మానేసింది. తర్వాత బీరువా తాళాలు తీసుకున్నారు. ఆపైన చంటిబిడ్డను ఎత్తుకోనివ్వలేదు. నువ్వు కూచో అత్తా, నీకెందుకు శ్రమ! వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, అదే నాకు ఇంకా ఒళ్ళు మండిస్తుంది. కన్నకొడుకై ఉండి, తల్లి మాట పక్కనపెట్టి నాబోటి కోతలరాయుడి మాట నమ్ముతాడా? ఆ మస్తాన్‌ను చొక్కా పట్టుకుని అడగాలనిపిస్తుంది. ఏ మొహంతో? మొదట్లో ఆమె పోట్లాడింది. తర్వాత వేసిన తలుపునే మళ్ళీ మళ్ళీ వెళ్ళి లాగి చూడడం మొదలుపెట్టింది. ఒకరోజు నాతోనే అంది: “నా తలకాయ నా మాట ఇనడం లేదప్పా.” నేను టీ తాగుతున్నాను. గ్లాసు ఖాళీ చేసి లేచి వచ్చాను.

నా పిట్ట గుడ్లయితే పెట్టింది. ఒక్కటీ పిల్ల కాలేదు.

మొన్న ధైర్యం చేసి వెళ్ళాను. పెద్దమ్మ మంచం మీద ఉంది. పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. ఆమె లేచి కూర్చుంది. తర్వాత నా నెత్తిన ఒక మొట్టికాయ వేసి, “దీనికా ఇన్నేండ్లు కుమిలినావు? పో పిచ్చోడా, టీ తాగిపో” అంది.

ఆ ముక్క కల్పించాను. అన్నం మీద వేసిన ఒట్టు అక్కడ తప్పాను. మిగతాదంతా నిజం.

మొన్న వెళ్ళడమూ నిజమే. నేను నోరు తెరిచేలోపే, మస్తాన్ ఇంటికొచ్చిన చుట్టాలెవరో పాము కత చెప్పమన్నారు. చెప్పాను. మీసాలతో సహా. అందరూ నవ్వుతుంటే పెద్దమ్మ కూడా నవ్వింది. నవ్వి, వాళ్ళతో అంది: “తప్పు నాదేలేప్పా. నేనే గూడు మూయల్యా.”

ఆమె మూసింది. తీసింది నేను. ఈ మాట ఆమెకు చెప్పాలి, మీకు చెప్పాను. కాస్త ఊపిరాడుతోంది. అదీ నాకే, ఆమెకు కాదు.