తాళాలు పరీక్షించే పిల్ల

కడపలో మా మేడమీద అద్దెకున్న పిల్ల యాప్‌లు పరీక్షించేది. బటన్లు అందరికీ అర్థమవుతాయా, దొంగలు దూరే సందులున్నాయా అని చూడడం ఆమె ఉద్యోగం. ఎవరి ఫోన్ కనబడినా పాస్‌వర్డ్ ఊహించేది. నాది మొదటిసారికే తెరిచింది.

"పెండ్లి తేదీ పెట్టినావా అవ్వా? దొంగకు పీటేసి కూర్చోబెట్టినట్లుండాది!" అని నవ్వింది.

పోయిన ఏడాది ఆ పిల్ల జ్వరంతో చనిపోయింది. ఆమె ఫోన్‌లోని ఫొటోల కోసం వాళ్లమ్మ ఆ ఫోన్ పట్టుకుని వేంపల్లె నుంచి వచ్చింది.

"నీ ఇంట్లోనే ఉండె, నా బిడ్డ తేదీలన్నీ నీకు నోటికొచ్చు గదమ్మా, తెరిచి చూడు," అని ఫోన్ నా చేతికిచ్చింది.

పుట్టినరోజు నొక్కాను, ఉద్యోగంలో చేరినరోజు నొక్కాను, తెలిసిన తేదీలన్నీ నొక్కాను. తెరుచుకోలేదు. ఇంకొక్కసారి తప్పితే అన్నీ చెరిగిపోతాయని తెరమీద వచ్చింది.

వాళ్లమ్మ నా చేయి పట్టుకుంది.

"చాల్లేమ్మా. తాళం శానా గట్టిగా ఏసింది నా బిడ్డ," అంటూ ఫోన్‌ను కొంగులో చుట్టుకుంది.